మోచెయ్యి వంగని దండీ

చూసేవాళ్లకు అది వ్యాయామంలాగే అనిపించదు. గోడకు ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడాలి. రెండు అరచేతులూ భుజాల ఎత్తున గోడకు ఆనించి, మోచేతులు నిటారుగా ఉంచాలి. ఇక ఆ మోచేతులు వంగకూడదు. ఛాతీని మాత్రం మెల్లగా గోడ వైపు దిగనివ్వాలి. వీపు మీద రెండు రెక్క ఎముకలూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. తర్వాత గోడను అవతలికి నెడుతున్నట్టు అరచేతులతో తోయాలి. ఛాతీ వెనక్కి వస్తుంది, రెక్క ఎముకలు పక్కటెముకల చుట్టూ జారి చంకల వైపు పోతాయి. అంతే పని. మొత్తం కదలిక నాలుగు వేళ్ల వెడల్పు ఉంటే గొప్ప. పది సార్లు చేసినా చెమట పట్టదు. పక్కనున్నవాడు ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంటాడు.

ఫిజియోథెరపీ వాళ్లు నేర్పే వందల వ్యాయామాల్లో నాకు పనితనం కనిపించేది ఇందులోనే. మామూలు దండీ తీసి, చేతులు నిటారయ్యాక అక్కడ ఆగకుండా ఈ చివరి తోపు కూడా కలిపితే దానికి ‘పుషప్ ప్లస్’ అని పేరు. దండీ అందరికీ తెలుసు. ఆ ప్లస్ దగ్గరే చాలామంది లేచి దుమ్ము దులుపుకుంటారు.

దీని తీరు తెలియాలంటే ముందు ఆ ఎముకను చూడాలి. రెక్క ఎముక ఒక త్రికోణపు పలక. రెండో పక్కటెముక నుంచి ఏడో పక్కటెముక దాకా వీపు మీద పరుచుకుని ఉంటుంది. మధ్యలో ఎంత పల్చగా ఉంటుందంటే, ఆరిన ఎముకను దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుగు అవతలికి కనిపిస్తుంది. అంత పల్చని పలకకు 17 కండరాలు అతుక్కుని ఉంటాయి. మొండెంతో దానికి ఎముకల బంధం ఒక్కటే, అది కాలర్ బోన్ ద్వారా. వెనక వైపు పక్కటెముకలతో దానికి కీలు లేదు, బంధనం లేదు. పలకకూ పక్కటెముకల గూటికీ నడుమ మెత్తటి కండరాల పొరలే ఉంటాయి. తుంటి దగ్గర తొడ ఎముక తల లోతైన గిన్నెలో కూర్చుంటుంది కాబట్టి అక్కడ నిలకడ పుట్టుకతోనే వచ్చింది. భుజం గిన్నె లోతు తక్కువ. పైగా ఆ గిన్నె ఉన్నదే ఈ కదిలే పలక అంచు మీద. చెయ్యి ఎటు పోతే గిన్నె అటు తిరిగి, చేతి ఎముక తల కింద సరిగ్గా నిలవాలి. ఆ పని తప్పితే భుజంలోని స్నాయువులకు ఒరిపిడి మొదలవుతుంది.

ఈ పలకను పక్కటెముకలకు అదిమి పట్టి, ముందుకూ పైకీ తిప్పే కండరం సెర్రేటస్ యాంటీరియర్. పై ఎనిమిది, తొమ్మిది పక్కటెముకల మీద రంపపు పళ్లలా మొదలై, పలకకు లోపలి వైపు నుంచి వెనక్కి పోయి, వెన్ను పక్కనున్న అంచుకు అతుక్కుంటుంది. పనివాళ్ల ఒంటి మీద, చంక కింద డొక్క పక్కన, వేళ్లు పరిచినట్టు గీతలు కనిపిస్తాయే, అవి దీనివే. దీనికి ఆజ్ఞ మోసుకొచ్చే నరం సన్నగా, పొడవుగా ఛాతీ పక్కనే దిగుతుంది. స్కాట్లండ్ శరీరశాస్త్రవేత్త చార్లెస్ బెల్ పేరు మీద దాన్ని బెల్ నరం అని కూడా అంటారు. బరువైన సంచులను పట్టీలతో వీపున మోసిన సైనికుల్లో ఈ నరం నొక్కుకుపోయిన కేసులు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. అలాంటివాళ్లు గోడను తోస్తే రెక్క ఎముక లోపలి అంచు వీపు మీద నుంచి లేచి నిలబడుతుంది.

బాపట్ల జిల్లా పర్చూరు ప్రాంతంలో ఈ కండరం పనికి మరో సాక్ష్యం నాలుగు కాళ్ల మీద నడుస్తుంటుంది. సంక్రాంతికీ తిరునాళ్లకూ బండలాగుడు పోటీల్లో దిగే ఒంగోలు గిత్తల సంగతి చెబుతున్నాను. పశువుకు కాలర్ బోన్ ఉండదు. అంటే దాని ముంగాళ్లకూ మొండేనికీ మధ్య ఎముకల బంధం ఒక్కటీ లేదు. రెండు రెక్క ఎముకల మధ్య పక్కటెముకల గూడు మొత్తం కండరాలతోనే వేలాడుతుంది. ఆ వేలాడదీసేవాటిలో పెద్దది మనలోని సెర్రేటస్‌కు సాటి వచ్చే కండరమే. గిత్త ఒంటి బరువులో సగానికి పైగా ముంగాళ్ల మీద పడుతుంది కాబట్టి, ఆ కండరం నిలబడ్డంతసేపూ పనిలోనే ఉంటుంది. జనం మూపురం చూసి మురుస్తారు, నేనూ మురుస్తాను. కానీ బండ కదిలే క్షణంలో పక్కల నుంచి చూస్తే, మూపురం కింద పలక ఎముక చర్మం లోపల ముందుకూ వెనక్కూ ఎలా ఊగుతుందో తెలుస్తుంది.

మనిషి రెండు కాళ్ల మీద నిలబడ్డాక ఆ కండరానికి పాత కొలువు పోయింది. చేతులు గాలిలో వేలాడుతున్నాయి, మొండెం బరువు నడుం మీదకు పోయింది. అరచేతులు గోడకో నేలకో ఆనించి ఛాతీని రెండు పలకల మధ్య దింపి పైకెత్తినప్పుడు, అదే కండరానికి పశువులో ఉన్న పనినే మళ్లీ అప్పగిస్తున్నాం. ఈ వ్యాయామం కట్టినవాళ్లు గిత్తల గురించి ఆలోచించి ఉండరు. ఆలోచించకుండానే అంత పాత పనిని పట్టుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక తిరుగుడు లెక్క. చెయ్యి తొడ పక్కనుంచి నెత్తి మీదకు ఎత్తితే దాదాపు 180 డిగ్రీలు. అందులో 120 చేతి ఎముక గిన్నెలో తిరగడం వల్ల వస్తే, 60 రెక్క ఎముక తిరగడం వల్ల వస్తుంది. ఈ రెండింటికి ఒకటి లెక్కను 1944లో కాలిఫోర్నియాలో ఇన్‌మన్, సాండర్స్, ఎబట్ అనే ముగ్గురు ప్రచురించారు. అందుకోసం బతికున్న మనిషి కాలర్ బోన్‌లోకి పిన్ను దింపి, చెయ్యి ఎత్తించి చూశారు. ఆ నిష్పత్తి అడుగడుగునా సమానంగా ఉండదు. మొదటి 30 డిగ్రీల్లో పని ఎక్కువగా చేతి ఎముకదే, పలక అప్పటికి సర్దుకుంటూ ఉంటుంది. ఆ తర్వాతే అది నిజంగా తిరుగుతుంది. తిప్పేవి ముఖ్యంగా మూడు. మెడ నుంచి వీపు దాకా పరుచుకున్న ట్రెపీజియస్ కండరం పై భాగం పలక బయటి కొనను పైకి లాగుతుంది. అదే కండరం కింది భాగం లోపలి అంచును కిందికి లాగుతుంది. సెర్రేటస్ కింది మొనను పట్టుకుని పక్కకూ ముందుకూ తీసుకుపోతుంది. మూడు లాగుళ్లూ మూడు దిక్కులకు. పలక మాత్రం ఉన్నచోటే తిరిగి గిన్నెను ఆకాశం వైపు పెడుతుంది.

ఇక్కడ నాకొక తగువుంది. ‘భుజాలు వెనక్కి లాగి, కిందికి దించి నిలబడు’ అని బళ్లో డ్రిల్లు మాస్టారి నుంచి జిమ్ములో శిక్షకుడి దాకా అందరూ చెప్పేదే. ఊరికే నిలబడటానికి ఆ మాట పనికొస్తుంది. కానీ చెయ్యి నెత్తి మీదకు పోతున్నప్పుడు కూడా పలకను వెనక్కీ కిందికీ బిగించి పట్టుకుంటే, అది తిరగాల్సిన 60 డిగ్రీలు ఎక్కడి నుంచి వస్తాయి? చేతి ఎముక ఒక్కటే పైకి పోయి, పైనున్న ఎముక అంచు కింద మెత్తటి భాగాలను నొక్కుతుంది. రెక్క ఎముక నిలకడ అంటే మేకు కొట్టినట్టు ఉండటమని అనుకోవడం వల్ల వచ్చిన తిప్పలివి. కదులుతూనే గూటికి అంటిపెట్టుకుని ఉండాలి, అదీ అసలు నిలకడ.

ఇది ఎంత సూక్ష్మమైన పనో చూడాలంటే పర్చూరు నుంచి సముద్రం వైపు వెళితే చాలు. బాపట్ల, చీరాల మధ్య రైలు దారి మీద స్టూవర్టుపురం ఉంది. ఎరుకలవారి మీద బ్రిటిష్ ప్రభుత్వం నేర ముద్ర వేసి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి కట్టించిన సెటిల్‌మెంటు అది. 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ అనీ, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ అనీ సినిమాలు ఆ ఊరి దొంగతనాల కథను తెర మీదకు తెచ్చాయి. ఆ ఊరి వెయిట్‌లిఫ్టర్ రాగాల వెంకట్ రాహుల్ మీద సినిమా రాలేదు. 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో రజతం, 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చినవాడు. గోల్డ్‌కోస్ట్‌లో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు.

స్నాచ్‌లో కడ్డీ నేల మీద నుంచి ఒకే ఊపున నెత్తి మీదకు పోతుంది. ఎత్తేవాడు ఆ సరికే దాని కిందకు గొంతుక్కూర్చుని ఉంటాడు. చూసేవాళ్ల కళ్లు కడ్డీ మీదా తొడల మీదా ఉంటాయి. నియమం ఏమంటే, మోచేతులు ఒకసారి నిటారుగా బిగిశాక మళ్లీ వంగి తోయకూడదు. తోస్తే రిఫరీలు ఎర్రదీపం వేస్తారు. కాళ్లూ చేతులూ చాపి కదలకుండా నిలబడితేనే కిందికి దించమని సైగ వస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. 151 కిలోలు నెత్తి మీద అటూ ఇటూ వేలెడు ఊగితే దాన్ని సర్దే దారి ఏది? మోచేతులకు అనుమతి లేదు. పాదాలున్నాయి, నడుముంది. అన్నిటికన్నా పైన, కడ్డీకి దగ్గరగా, రెక్క ఎముకలున్నాయి. పోటీల వీడియో ఎప్పుడైనా చూస్తే, ఒక్కసారి వెనక వైపు నుంచి తీసిన దృశ్యం వెతికి చూడండి. లేచి నిలబడే ఆ రెండు మూడు క్షణాల్లో చేతులు కొయ్యబారి ఉంటాయి. వీపు మీద మాత్రం రెండు పలకలు పైకి తిరిగి, చంకల వైపు జారి, వెంట్రుకవాసి సర్దుళ్లు చేస్తూ ఉంటాయి. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం గెలిచినప్పుడూ ఆ బరువుకు ఆధారం ఈ పల్చని పలకలే. మోచెయ్యి వంగకుండా పలకతో పని చేయించడం గోడ దగ్గర మొదలైతే, దాని కొస అక్కడుంది.

ఈ వ్యాయామాలను ఎంచిన తీరులోనూ ఒక పద్ధతి ఉంది. 1992లో అమెరికాలో మోస్లీ అనే పరిశోధకుడు, ఫ్రాంక్ జోబ్ తదితరులతో కలిసి, భుజం కండరాల్లోకి సన్నటి తీగలు దింపి 16 వ్యాయామాలను పరీక్షించారు. టామీ జాన్ అనే బేస్‌బాల్ ఆటగాడి మోచేతికి 1974లో వేరే చోట నుంచి తీసిన స్నాయువు కట్టి అతన్ని మళ్లీ ఆటలోకి దింపిన డాక్టరే ఈ జోబ్. ఆ పదహారింటిలో నాలుగు చేస్తే రెక్క ఎముక కండరాలన్నిటికీ పని దొరుకుతుందని తేల్చారు. చేతులను పక్కకూ ముందుకూ మధ్య ఏటవాలుగా ఎత్తడం ఒకటి, వెనక్కి లాగడం ఒకటి, ప్లస్ కలిపిన దండీ ఒకటి, కూర్చుని అరచేతులు ఆనించి ఒంటిని పైకెత్తడం ఒకటి. మొదటిదాంట్లో ఆ ఏటవాలు ఊరికే పెట్టింది కాదు. రెక్క ఎముక వీపు మీద తిన్నగా పరుచుకుని ఉండదు, పక్కటెముకల వంపును అనుసరించి 30 డిగ్రీలకు పైగా ముందుకు తిరిగి ఉంటుంది. చెయ్యి కూడా అదే వాలులో లేస్తే గిన్నెకు ఎదురుగా పోతుంది.

నాకు ఇంకా ఎక్కువ నచ్చిన పని 2007లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం నుంచి ఆన్ కూల్స్ బృందం చేసింది. అప్పటిదాకా అందరూ అడిగిన ప్రశ్న, ఏ వ్యాయామంలో కండరం ఎక్కువ పనిచేస్తుంది అని. వాళ్లు ప్రశ్న మార్చారు. ఏ వ్యాయామంలో ట్రెపీజియస్ కింది భాగం పనిచేస్తూ ఉండగా పై భాగం ఊరుకుంటుంది? భుజం నొప్పి ఉన్న చాలామందిలో చెయ్యి ఎత్తబోతే ముందు మెడ పక్కన కండరం లేచి భుజాన్ని చెవి వైపు గుంజుతుంది. బలం పెంచే పేరుతో ఏ పని చెప్పినా ఆ పైదే ముందుకొచ్చి లాక్కుపోతుంది. కాబట్టి బలాన్ని కొలవడం చాలదు, ఎవరు ఎవరిని మించుతున్నారో నిష్పత్తి చూడాలి. 12 వ్యాయామాలు చూసి నాలుగింటిని ఎంచుకున్నారు. నాలుగూ పడుకుని చేసేవే. ఒత్తిగిలి పడుకుంటేనో బోర్లా పడుకుంటేనో మెడ పక్క కండరానికి భుజాన్ని మోసే పని ఉండదు, అందుకే అది ఊరుకుంటుంది.

వాటిలో ఒకటి ఇంట్లో ఏ ఖర్చూ లేకుండా చేసుకోవచ్చు. ఒత్తిగిలి పడుకుని, పై చేతి మోచెయ్యిని తొంభై డిగ్రీలు వంచి డొక్కకు ఆనించి, మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టుకోవాలి. చేతిలో అర లీటరు నీళ్ల సీసా. మోచెయ్యి తువ్వాలును వదలకుండా ముంజేతిని మాత్రం పైకి తిప్పి, మూడు లెక్కపెట్టి దించాలి. ఆ తువ్వాలు ఎందుకని చాలామంది తీసేస్తారు. అదే కాపలా, మోచెయ్యి లేస్తే అది జారి పడుతుంది. ఇంకొకటి బోర్లా పడుకుని చేసేది. మంచం అంచు నుంచి చెయ్యి కిందికి వేలాడేసి, బొటనవేలు పైకప్పు వైపు ఉండేలా పక్కకు ఎత్తాలి. నులక మంచం అయితే దీనికి బాగుంటుంది, ఎత్తు సరిపోతుంది. సీసా కూడా అక్కర్లేదు, చెయ్యి బరువే చాలు. బొటనవేలు కిందికి తిరిగితే పని పాడవుతుంది. వేలు పైకి ఉంటేనే చేతి ఎముక బయటికి తిరిగి, పైనున్న అంచు కింద చోటు మిగులుతుంది.

రెక్క ఎముక కదలిక దెబ్బతినడాన్ని రకాలుగా విడదీసి, క్రీడా వైద్యంలో దాన్ని కేంద్రానికి తెచ్చినవాడు అమెరికా డాక్టరు బెన్ కిబ్లర్. ఆయన బృందం 2008లో నాలుగు వ్యాయామాలను పరీక్షించింది. అందులో ఒకటి గడ్డి కోసే యంత్రాన్ని స్టార్టు చేసే తీరు. మన దగ్గర ఆ యంత్రం ఎవరికీ పట్టదు గానీ, మిరప చేలో తైవాన్ పంపు ఇంజను తాడు లాగే మనిషిని చూస్తే అదే కదలిక. ముందుకు వంగి, ఎదుటి మోకాలి దగ్గర తాడు పట్టుకుని, మడమలు తొక్కి, తుంటి తిప్పి, నడుం లేపి, ఆఖరున మోచెయ్యిని వెనక జేబులో పెట్టబోయినట్టు లాగుతాడు. కిబ్లర్ పట్టుకున్నది ఈ వరస. బలం పాదం దగ్గర పుట్టి మొండెం మీదుగా వస్తే రెక్క ఎముక దానంతట అదే వెనక్కి సర్దుకుంటుంది. చేత్తోనే లాగినవాడికి మెడ పట్టేస్తుంది. ఇంజనుకు చేసినట్టు విసురుగా కాకుండా, చేతిలో ఏమీ లేకుండా, మెల్లగా రోజుకు పదిసార్లు చేస్తే అది వ్యాయామం.

మన పాత తాలింఖానాల్లో ఈ శాస్త్రం మాటల్లో లేదు గానీ చేతల్లో ఉంది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగి ఏనుగును ఛాతీ మీదకు ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి (1882–1942) కాలం నుంచీ దండీలు, బస్కీలు, గద తిప్పడం ఉన్నవే. పాతకాలపు దండీని ఒకసారి నెమ్మదిగా గమనించండి. పిరుదులు పైకెత్తి, చేతులు చాపి, తల చేతుల మధ్య ఉంచి మొదలుపెడతారు. కిందికి దూకి, ఛాతీ నేలకు రాసుకుంటూ ముందుకు పోయి, పైకి లేచి, మళ్లీ పిరుదులు వెనక్కి తోస్తారు. ఆ వెనక్కి తోసే ఘట్టంలో మోచేతులు నిటారుగా ఉంటాయి. చేతులు నెత్తి మీదకు ఎత్తినట్టే ఉండి, ఒంటి బరువు వాటి మీద ఉంటుంది. అంటే రెక్క ఎముకలు పైకి తిరగాలి, పక్కలకు జారాలి, గూటికి అంటిపెట్టుకోవాలి. ఈ కాలపు కుర్రాళ్లు తీసే దండీల్లో ముందూ వెనకా కోసేసి నడుమ భాగం మాత్రం ఉంచారు. మోచెయ్యి వంగిందా, లేచిందా, లెక్క ఎంత వచ్చింది అని. యాభై తీసేవాడి వీపు మీద పలకలు అసలు కదలకపోవచ్చు.

బల్ల మీద వెల్లకిలా పడుకుని కడ్డీ ఎత్తడం దీనికన్నా ఒకడుగు వెనక. ఛాతీ కండరానికి అది గొప్ప వ్యాయామమే, కాదనను. కానీ ఒంటి బరువూ కడ్డీ బరువూ కలిసి రెక్క ఎముకలను బల్లకు అదిమేస్తాయి. పలక పక్కకు జారే దారి మూసుకుపోయాక సెర్రేటస్‌కు చెప్పుకోదగ్గ పని ఉండదు. నేల మీద దండీలో వీపు గాలిలో ఉంటుంది, పలకలకు స్వేచ్ఛ ఉంటుంది. బల్లకూ కడ్డీకీ డబ్బు పెట్టాలి, నేలకు అక్కర్లేదు.

పర్చూరు చుట్టుపక్కల పొలాల్లో రెక్కల కష్టం ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. పత్తి తీసే ఆడవాళ్లు, మిరపకాయలు కోసేవాళ్లు నడుం వంచి చేతులు ముందుకు వేసి పొద్దంతా పనిచేస్తారు. చేతుల బరువుతో రెక్క ఎముకలు ముందుకూ పక్కలకూ వేలాడిపోతాయి. వాటి మధ్య కండరాలు సాగిపోయే ఉండి పట్టుకోవాల్సి వస్తుంది, సాయంత్రానికి మంటెత్తేది అక్కడే. వీళ్లకు ప్లస్ తోపు కన్నా ముందు మంచం మీద బోర్లా పడుకుని చేసేది, వెనక్కి లాగేది కావాలి. మందు కొట్టేవాళ్ల లెక్క వేరు. 16 లీటర్ల పంపు నింపితే నీళ్లే 16 కిలోలు, పైన పంపు బరువు. పట్టీలు భుజాలను కిందికి లాగుతుంటే ఒక చెయ్యి లివరు కొడుతుంది, రెండోది గొట్టం పట్టుకుని ఊపుతుంది. వీళ్లకు చేతులు పైకెత్తే పని లేదు, పలక పైకి తిరగడం నెలల తరబడి మర్చిపోతుంది. గోడకు ముంజేతులు ఆనించి, నెడుతూనే పైకి జార్చడం వీళ్లకు సరైంది. గుంటూరు యార్డులో నలభై కిలోలు దాటిన మిరప టిక్కీలను మెడ మీదకు ఎత్తుకునే హమాలీకి మెడ పక్క కండరం ఇప్పటికే కావలసినదానికన్నా ఎక్కువ బలంగా ఉంటుంది. అతనికి ఇంకా బరువులెత్తే వ్యాయామం చెప్పడం అన్యాయం. ఒత్తిగిలి పడుకుని, తువ్వాలు పెట్టుకుని చేసేది చెప్పాలి.

అద్భుతాలు ఆశించకూడదు. రెక్క ఎముక వంకరగా కదిలే ప్రతివాడికీ నొప్పి ఉండదు. చెయ్యెత్తి ఆడే ఆటగాళ్లలో ఏ బాధా లేనివాళ్లలోనూ ఆ వంకర కనిపిస్తుంది. ఈ వ్యాయామాలతో నొప్పి తగ్గి, చెయ్యి బాగా పనిచేస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి గానీ, పలక ఉన్న చోటు మారిందని ప్రతిసారీ తేలలేదు. పరీక్షకు కిబ్లర్ వాడిన చిట్కా ఒకటి బాగుంటుంది. నొప్పి ఉన్న మనిషి చెయ్యి ఎత్తుతుంటే, వెనక నిలబడినవాళ్లు రెక్క ఎముక కింది మొన దగ్గర అరచెయ్యి పెట్టి పైకీ పక్కకూ తిరిగేలా తోడు తోయాలి. అప్పుడు నొప్పి తగ్గితే ఈ దారి పనికొస్తుందని అర్థం. తగ్గకపోతే కారణం వేరేచోట వెతకాలి. కుడి రెక్క ఎముక కింద నొప్పి పిత్తాశయంలో రాళ్ల వల్ల రావచ్చు. భుజం నొప్పితో పాటు ఛాతీ బిగిసి చెమట పడితే అది గుండె సంగతి కావచ్చు, అప్పుడు గోడ దగ్గరికి కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కిందపడ్డాక చెయ్యి లేవకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా ముందు డాక్టరు చూడాలి.

కోతల రోజుల్లో నేల మీద దండీలు పెట్టుకోవద్దు, ఒళ్లు అప్పటికే అరిగి ఉంటుంది. మధ్యాహ్నం అన్నానికి కూర్చునే ముందు చెట్టు మొదలుకో ట్రాక్టరు తొట్టికో చేతులు ఆనించి పదిసార్లు తోస్తే చాలు. కోతలయ్యాక గోడ నుంచి అరుగు మీదకు, అరుగు నుంచి మోకాళ్ల మీదకు, తర్వాత నేల మీద పూర్తి దండీకి దిగాలి. ఆపైన పాదాలను అరుగు మీద పెట్టి చేస్తే సెర్రేటస్‌కు ఇంకా పని పెరుగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర ఇంట్లో ఎవరినైనా వెనక నిలబెట్టి చూడమనండి. ఛాతీ దింపి తోసేటప్పుడు రెక్క ఎముక లోపలి అంచు వేలికి తగిలేలా లేస్తోందేమో, భుజాలు చెవుల వైపు పోతున్నాయేమో, మోచెయ్యి దొంగతనంగా వంగుతోందేమో. మూడింట్లో ఏది కనిపించినా ఒక మెట్టు కిందికి దిగి, అక్కడ రెండు వారాలుండి మళ్లీ ఎక్కాలి.